జడ్జీ అడిగే రెండో ప్రశ్న
రోబోటిక్స్ పోటీలకు పిల్లలను సిద్ధం చేసే పద్ధతులపై ఒక సమీక్ష

ఫస్ట్ లెగో లీగ్ ఛాలెంజ్‌లో రోబో బల్ల మీద ఆడేది రెండున్నర నిమిషాలు. అదే జట్టు జడ్జీల ఎదుట గడిపేది దాదాపు అరగంట. ఛాంపియన్స్ అవార్డుకు లెక్క కట్టేటప్పుడు రోబో ఆటకు దక్కే వాటా నాలుగో వంతే. ఇన్నొవేషన్ ప్రాజెక్టు, రోబో డిజైన్, కోర్ వాల్యూస్ అనే మిగతా మూడు వంతులు చాలావరకు జడ్జీల గదిలో పిల్లలు చెప్పే మాటల మీద తేలతాయి. ఈ లెక్క కోచ్‌లందరికీ తెలుసు. అయినా సాధన సమయమంతా బల్ల దగ్గరే కరిగిపోతుంది. జడ్జీల సంగతి పోటీకి వారం ముందు గుర్తొస్తుంది. అప్పుడు కోచ్ ఎక్కడి నుంచో ఒక ప్రశ్నల జాబితా తెస్తాడు, తల్లిదండ్రులు జవాబులు రాసిస్తారు, పిల్లలు బట్టీ పడతారు. పదో తరగతి నుంచి ఎంసెట్ దాకా మనం నడిచిన దారి అదే కదా, కాళ్లు అటే పోతాయి.

పిల్లలను ఈ ప్రశ్నలకు ఎలా సిద్ధం చేయాలి, ఎంతవరకు చేయాలి, పెద్దల చెయ్యి ఎక్కడ ఆగాలి అన్న విషయాల మీద కోచ్‌లలో ఏకాభిప్రాయం లేదు. వాళ్లు చెప్పే సలహాలను ఒకచోట పెట్టి తూచి చూడటమే ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జడ్జీ అడిగే మొదటి ప్రశ్నకు ఎవరైనా తయారు చేయించగలరు. పిల్లవాడు చెప్పిన జవాబులోంచి పుట్టే రెండో ప్రశ్నకు మాత్రం పనిచేసిన వాళ్లే జవాబు చెప్పగలరు. కాబట్టి ఆ తయారీ సీజన్ మొదటి నెలలో, చక్రం ఏది పెట్టాలా అని పిల్లలు వాదించుకున్న రోజునే మొదలవుతుంది.

ఏ పోటీలో ఏం అడుగుతారో కాస్త చూద్దాం. డీన్ కామెన్ 1989లో ఫస్ట్ సంస్థను స్థాపించాడు. హైస్కూలు పిల్లల పెద్ద రోబోల పోటీ 1992లో మొదలైంది. ఆ దశకం చివర లెగో కంపెనీతో కలిసి చిన్నపిల్లల లీగ్ తెచ్చారు. ఎంఐటీ ప్రొఫెసర్ వుడీ ఫ్లవర్స్ ప్రచారంలోకి తెచ్చిన ‘గ్రేషస్ ప్రొఫెషనలిజం’ ఈ పోటీలన్నిటికీ ఊపిరి. గట్టిగా పోటీపడుతూనే ఎదుటి జట్టు మర్యాద నిలపడం దాని సారం. లెగో లీగ్‌లో ఇప్పుడు రోబో ఆట దగ్గర రెఫరీలు కూడా దీనికి మార్కులు వేస్తారు. జడ్జీల గదిలో వినయంగా మాట్లాడి, బల్ల దగ్గర తోటి పిల్లవాడి మీద అరిస్తే ఆ లెక్క కూడా కాగితం మీదికి వస్తుంది.

ఒకప్పుడు లెగో లీగ్‌లో ప్రాజెక్టుకు ఒక గది, రోబో డిజైన్‌కు ఒకటి, కోర్ వాల్యూస్‌కు మరొకటి ఉండేవి. 2020-21 సీజన్ నుంచి అన్నీ ఒకే విడతలోకి వచ్చాయి. పిల్లలు ఐదు నిమిషాలు ప్రాజెక్టు గురించి చెబుతారు, జడ్జీలు ప్రశ్నలడుగుతారు. తర్వాత రోబో గురించి చెబుతారు, మళ్లీ ప్రశ్నలు. జడ్జీలు మార్కులు వేసే పట్టికను రూబ్రిక్ అంటారు, అందులో ఒక్కో వరుసకు నాలుగు మెట్లు ఉంటాయి. పై మెట్టు వేయాలంటే జట్టు ఎందులో మించిందో జడ్జీ స్వయంగా రాయాలి. ఈ చిన్న నియమాన్ని చాలా జట్లు పట్టించుకోవు. జడ్జీకి రాయడానికి ఒక వాక్యం కావాలి. ‘చాలా కష్టపడ్డాం’ అంటే ఆయన ఏం రాస్తాడు? ‘పదిసార్లలో ఆరుసార్లే పనిచేసిన అటాచ్‌మెంట్‌కు రబ్బర్ బ్యాండ్ చేర్చి తొమ్మిదికి తెచ్చారు’ అని వినిపిస్తే కలం కదులుతుంది.

పెద్దపిల్లల ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో పద్ధతి కొంచెం వేరు. మొదటి ఐదు నిమిషాల దాకా జట్టు తన మాట చెప్పుకోవచ్చు, ఆ తర్వాత ప్రశ్నలు. అట్ట కాక పదిహేను పేజీలు మించని ఇంజినీరింగ్ పోర్ట్‌ఫోలియో ఇవ్వాలి. అంతటితో అయిపోదు. జట్లు రోబోలు సర్దుకునే పిట్ల మధ్య జడ్జీలు తిరుగుతూ స్క్రూడ్రైవర్ పట్టుకుని ఉన్న పిల్లవాడిని ఆపి అడుగుతారు. అక్కడ జట్టు వక్త పక్కన ఉండడు. వెక్స్ పోటీల్లో ఇంజినీరింగ్ నోట్‌బుక్, ఇంటర్వ్యూ రెండూ చూస్తారు, పని విద్యార్థులదే అయి ఉండాలన్న పట్టింపు అక్కడ మరీ ఎక్కువ. 2004లో సింగపూర్‌లో మొదలై 2016లో మన ఢిల్లీకి వచ్చిన వరల్డ్ రోబో ఒలింపియాడ్‌లో రోబోమిషన్ విభాగానిది ఇంకో తీరు. అప్పటికప్పుడు ప్రకటించే సర్‌ప్రైజ్ రూలే అక్కడి ప్రశ్న. జవాబు నోటితో చెప్పనక్కర్లేదు, కోడ్ మార్చి చూపించాలి. వేరొకరి కోడ్ తెచ్చుకున్న జట్టు అక్కడే దొరికిపోతుంది.

ఇక సలహాల సంగతి. అన్నిటికన్నా ఎక్కువగా చేతులు మారేది ప్రశ్నల జాబితా. ఈ అటాచ్‌మెంట్ ఎవరు కట్టారు? ఎన్నిసార్లు మార్చారు? బల్ల మీది ఏ మిషన్ కష్టపెట్టింది? జట్టులో గొడవ వస్తే ఎలా తేల్చుకున్నారు? ఇంకో నెల టైముంటే ఏం చేస్తారు? జాబితాల్లో ఇవే తిరుగుతుంటాయి. రూబ్రిక్ బహిరంగమే కాబట్టి ప్రశ్నలు కూడా పెద్దగా మారవు. జాబితాను తప్పుపట్టలేం. అది పిల్లల భయం తగ్గిస్తుంది, అడిగే అంశాల హద్దు తెలుపుతుంది. దానికి జవాబులు రాసి పంచడంతోనే చిక్కు మొదలవుతుంది. కాగితం చేతికొచ్చిన క్షణం నుంచి పిల్లలు రోబోను చూడటం మానేసి కాగితాన్ని చూస్తారు.

రోబో చేతిలో ఉన్నంత మాత్రాన అది తెలిసినట్టు కాదనడానికి మనస్తత్వ శాస్త్రంలో మంచి ఆధారం ఉంది. 2002లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రోజెన్‌బ్లిట్, కైల్ ఒక ప్రయోగం చేశారు. జిప్పు, టాయిలెట్ ఫ్లష్ లాంటి మామూలు వస్తువులు ఎలా పనిచేస్తాయో మీకు ఎంత తెలుసు అని అడిగి, ఎవరికి వారినే మార్కులు వేసుకోమన్నారు. తర్వాత అది ఎలా పనిచేస్తుందో అంచెలంచెలుగా రాయమన్నారు. రాశాక మళ్లీ మార్కులు వేసుకోమంటే జనం తమ మార్కులు తామే తగ్గించుకున్నారు. రోజూ చేతిలో ఉండే వస్తువు కాబట్టి తెలుసనుకుంటాం, వివరించబోతే తెలియదని తెలుస్తుంది. నాలుగు నెలలు రోబోతో గడిపిన పిల్లల పరిస్థితి అచ్చం ఇదే. ఆ భ్రమ జడ్జీ ముందు కాకుండా సాధన గదిలోనే తొలగిపోతే మేలు.

ప్రెజెంటేషన్‌ను కంఠతా పట్టించడం రెండో పద్ధతి. దీన్ని పూర్తిగా కొట్టిపారేసే కోచ్‌లున్నారు, నేను వాళ్లతో ఏకీభవించను. ఐదు నిమిషాల్లో ఆరుగురు పిల్లలు చెప్పాల్సింది చెప్పి ముగించాలంటే వరుస తెలియాలి, ఎవరి తర్వాత ఎవరో తెలియాలి. నాటకంలా వేసుకున్నా తప్పులేదు. కాకపోతే అప్పజెప్పడం అక్కడితో ఆగాలి. ప్రెజెంటేషన్‌లో గలగలా పలికిన పిల్ల మొదటి ప్రశ్నకే బిగుసుకుపోతే రెంటి మధ్య తేడా జడ్జీకి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నున్నటి ప్రెజెంటేషన్ అలాంటప్పుడు జట్టుకే చేటు.

రూబ్రిక్ ముందు పెట్టుకుని సొంతంగా మార్కులు వేసుకోవడం మూడోది. నెలకోసారి చేస్తే చాలా మంచి అలవాటు. దీనికీ ఒక రోగం పడుతుంది. రూబ్రిక్‌లోని మాటలను పిల్లలు జవాబుల్లోకి తోస్తారు. “మేం చాలా ఇటరేట్ చేశాం మేడమ్” అంటాడు పిల్లవాడు. ఏం మార్చావు నాన్నా అంటే బిక్కమొహం. ఆ మాట అనకుండా “మొదట గేటు ఎత్తే చెయ్యి వంగిపోయింది, రెండు బీమ్‌లు జోడించాం, అప్పుడు బరువెక్కి రోబో ముందుకు వాలింది, అందుకే చక్రాలు ముందుకు జరిపాం” అంటే చాలు, ఆ వరుసలో మార్కు తానే వస్తుంది.

నాలుగోది మాక్ జడ్జింగ్, అంటే పోటీకి ముందే ఎవరినైనా జడ్జీగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగించడం. అన్నిటిలోకీ బలమైనది ఇదే, చాలా జట్లు చెడగొట్టుకునేదీ ఇదే. అడిగేది సొంత కోచ్ అయితే ఉపయోగం సగం పోతుంది. ఆయనకు జవాబు ముందే తెలుసు, పిల్లలు సగం చెప్పగానే తల ఊపేస్తాడు. రోబో గురించి ఏమీ తెలియని మనిషి కావాలి. పక్క వీధి బ్యాంకు ఉద్యోగి, బడిలో తెలుగు చెప్పే టీచరు, ఇంజినీరింగ్ చదువుతున్న అక్క, ఎవరైనా సరే. తెలియని వాళ్లు అమాయకంగా అడిగే “ఇదేంటి, ఇలా ఎందుకుంది?” అన్న ప్రశ్నకు మించిన సాధన లేదు.

మాక్ జడ్జీగా కూర్చునే వాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. తరగతి గదుల్లో టీచర్లు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతారో అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో కొలిచింది. సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబుల నిడివి పెరిగింది, అడగకుండానే నోరు విప్పే పిల్లల సంఖ్యా పెరిగింది. మన ఇళ్లలో ఆ ఒక్క సెకను కూడా ఇవ్వం, పిల్లవాడు గుటక వేసేలోగా జవాబు మనమే అందిస్తాం. మాక్ జడ్జింగ్‌లో ప్రశ్న అడిగి లోపల్లోపల ఐదు అంకెలు లెక్కపెట్టండి. ఆ మౌనాన్ని పిల్లలు అలవాటు చేసుకుంటే అసలు గదిలో కంగారుపడరు.

ఎలా సాధన చేయాలన్న దానికి రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగం సాయం చేస్తుంది. చదివిన పాఠాన్నే మళ్లీ చదివిన వాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మెరుగ్గా రాశారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, పాఠం పక్కన పెట్టి గుర్తు తెచ్చుకుని రాసిన వాళ్లదే పైచేయి. అంటే పోటీ ముందు రాత్రి జవాబులు చదివించడం పిల్లలకన్నా కోచ్‌కు ఎక్కువ ధైర్యమిస్తుంది. ప్రతి సాధన చివర పది నిమిషాలు ఇద్దరు పిల్లలను నిలబెట్టి ‘ఈ రోజు ఏం మార్చారు, ఎందుకు?’ అని అడిగితే సీజన్ చివరికి ప్రత్యేక తయారీ పెద్దగా మిగలదు.

రెండో ప్రశ్న అంటే ఏమిటో దగ్గరి నుంచి చూద్దాం. జట్టు రోబోకు పెద్ద చక్రాలున్నాయి అనుకోండి.

“ఈ పెద్ద చక్రాలు ఎందుకు పెట్టారమ్మా?”

“స్పీడ్ కోసం మేడమ్.”

“ఎంత పెరిగింది?”

ఇక్కడ దారులు చీలతాయి. బట్టీ పట్టిన జట్టులో అమ్మాయి పక్కవాడి వైపు చూస్తుంది, వాడు కోచ్ వైపు చూస్తాడు. గదిలోకి వచ్చిన పెద్దలు నోరు మెదపకూడదన్నది నియమం కాబట్టి కోచ్ కిటికీ వైపు చూస్తాడు.

పనిచేసిన జట్టులో జవాబు ఇలా వస్తుంది: “చిన్న చక్రం 56 మిల్లీమీటర్లు, ఒక్క చుట్టుకి 17.6 సెంటీమీటర్లు పోతుంది మేడమ్. పెద్దది 88, చుట్టుకి 27.6. అర మీటరు పోవాలంటే దానికి 2.84 చుట్లు, దీనికి 1.81 చాలు. మా నాలుగో రన్‌కి టైము చాలట్లేదు, అందుకే మార్చాం. కానీ మార్చాక ఆగాల్సిన చోట ఆగలేదు. మోటార్ ఒక్క డిగ్రీ ఎక్కువ తిరిగితే చిన్న చక్రంతో అర మిల్లీమీటరే తేడా, పెద్దదానితో ముప్పావు. అందుకని దూరం లెక్క మానేసి, నల్లగీత కనిపించగానే ఆగమని కలర్ సెన్సర్‌తో రాశాం.”

ఇంత చెప్పాక జడ్జీ ఊరుకోదు. “మరి ఈ హాల్లో లైటింగ్ వేరు కదా?” అంటుంది. “పొద్దున రాగానే మ్యాట్ మీద తెలుపు, నలుపు మళ్లీ కొలిచాం మేడమ్” అని ఇంకో పిల్లవాడు అందుకుంటాడు. మూడో ప్రశ్న దాకా వచ్చినందుకే ఆ జట్టు చాలా సాధించినట్టు.

ఈ జవాబులో జడ్జీకి నచ్చేది చక్రం మార్చాక కొత్త ఇబ్బంది వచ్చిందని పిల్లలు దాచకుండా చెప్పడం. ఇంజినీరింగ్‌లో ఏ ఎంపికకైనా ఓ ధర ఉంటుంది. ధర ఏమిటో చెప్పగలిగిన పిల్లలే ఆ ఎంపిక చేశారని జడ్జీలు నమ్ముతారు. అంకెలు కూడా నోటికి ఊరికే రావు. తేదీ, మార్చినది, పది రన్‌లలో ఎన్ని సరిగా వెళ్లాయో రాసుకునే ఓ నలభై రూపాయల నోటుపుస్తకం కావాలి. అక్షరదోషాలున్నా, నూనె మరకలున్నా ఫర్వాలేదు. చాలా జట్లు పోటీకి రెండు రోజుల ముందు కూర్చుని ఒకే రంగు పెన్నుతో నాలుగు నెలల డైరీ రాసేస్తాయి. జడ్జీల్లో ఎక్కువమంది ఇంజినీర్లూ టీచర్లే. కాకి లెక్కలు వాళ్ల కంట పడకుండా పోవు.

ఇన్నొవేషన్ ప్రాజెక్టు ప్రశ్నలు ఇంకో రకం. ప్రతి సీజన్‌కూ ఓ ఇతివృత్తం ఉంటుంది. 2024-25లో ‘సబ్‌మర్జ్‌డ్’ పేరుతో సముద్రం, 2025-26లో ‘అన్ఎర్త్‌డ్’ పేరుతో పురావస్తు శాస్త్రం ఇచ్చారు. ఆ రంగంలో నిజమైన సమస్య పట్టుకోవాలి, పరిష్కారం ఆలోచించాలి, దాన్ని నలుగురికీ చూపి, వాళ్ల మాట విని మెరుగుపరచాలి. ఈ చివరి రెండు పనుల దగ్గరే మన జట్లు జారతాయి. స్లైడ్లు అందంగా ఉంటాయి, యాప్ బొమ్మ ఉంటుంది, ఎవరిని అడిగారంటే గూగుల్. విశాఖ పిల్లలు సముద్రం మీద ప్రాజెక్టు చేస్తూ ఫిషింగ్ హార్బర్‌కు ఒక్కసారైనా వెళ్లకపోతే ఆ వెలితిని ఏ రిహార్సలూ పూడ్చలేదు. పురావస్తు ఇతివృత్తం వచ్చిన ఏడాది సూర్యాపేట జిల్లా పిల్లలకు ఫణిగిరి బౌద్ధ క్షేత్రం కూతవేటు దూరం. అక్కడ ఓ పూట గడిపితే మట్టిలో ఏముందో తవ్వకముందే తెలుసుకోవడం ఎంత కష్టమో కళ్లారా చూడొచ్చు.

ప్రాజెక్టు మీద రెండో ప్రశ్న సాధారణంగా ఇది: “మీరు కలిసిన నిపుణులు మీ ఆలోచన గురించి ఏమన్నారు?” చాలా బాగుందన్నారు అంటే ప్రశ్నోత్తరాలు అక్కడే చల్లబడతాయి. “ఉప్పునీళ్లలో ఆ లోహం నెల ఆగదని ఒక మత్స్యకారుడు చెప్పాడు, పదార్థం మార్చాం” అంటే రూబ్రిక్‌లో రెండు వరుసలు ఒకే దెబ్బకు నిండుతాయి. కాబట్టి కోచ్‌లకు నా సలహా, నిపుణుల మెప్పు కోసం కాక నిపుణుల అభ్యంతరం కోసం పిల్లలను పంపండి. “ఇందులో తప్పేముందో చెప్పండి సార్” అని అడగడం నేర్పండి.

ఇక అందరికీ తెలిసి ఎవరూ పైకి అనని సంగతికి వద్దాం. పెద్దల చెయ్యి. బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టును డబ్బిచ్చి కొనుక్కుని వైవాకు రెండు రోజుల ముందు అందులో ఏముందో తెలుసుకునే అలవాటు మన దగ్గర పాతుకుపోయింది. అదే గాలి బడిపిల్లల పోటీల్లోకీ వీస్తోంది. అమెరికాలో ఫ్రిస్కోలోనో ఫ్రీమాంట్‌లోనో గ్యారేజీలో జట్టు నడిపే మన సాఫ్ట్‌వేర్ నాన్నలది మరో అవస్థ. వాళ్లకు దురుద్దేశం ఉండదు. పిల్లవాడు అడ్డదిడ్డంగా రాసిన కోడ్ చూస్తే చేతులు ఊరుకోవు, అంతే. రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని చక్కగా సర్దేస్తారు. తెల్లారేసరికి రోబో బాగా ఆడుతుంది, పిల్లలకు అది పరాయిదైపోతుంది.

దీన్ని జడ్జీలు ఎలా పడతారో చెబుతాను. “మేం పీఐడీ లైన్ ఫాలోయింగ్ వాడాం సార్” అంటాడు పిల్లవాడు. “పీ అంటే?” “ప్రపోర్షనల్.” “అంటే?” ఇక మాట రాదు. ఇంకో జట్టులో ఆ పేరే తెలియని పిల్ల “గీత నుంచి ఎంత పక్కకు పోతే అంత గట్టిగా తిప్పమని రాశాం సార్. ఆ అంకె మరీ పెంచితే పాములా ఊగింది, తగ్గిస్తే మలుపులో తప్పిపోయింది, మధ్యలో పెట్టాం” అంటుంది. ఎవరికి మార్కు పడుతుందో వేరే చెప్పాలా? పేరు తెలిసి పని తెలియకపోవడం పెద్దల చెయ్యికి తిరుగులేని సాక్ష్యం. అందుకే నేను చూసిన మంచి కోచ్‌లు ఒక కట్టుబాటు పెట్టుకుంటారు. జట్టులో ఎవరూ వివరించలేని లైను కోడ్‌లో ఉండకూడదు. ఉంటే తీసేస్తారు, పాయింట్లు తగ్గినా సరే.

నేర్చుకోవడం మాత్రం నేరం కాదు. యూట్యూబ్ చూసి అటాచ్‌మెంట్ కట్టినా, చాట్‌జీపీటీని అడిగి తప్పు వెతికినా, సీనియర్ జట్టు దగ్గర కిటుకు తెచ్చుకున్నా ఆ సంగతి చెప్పేయాలి. “ఈ డిజైన్ ఒక వీడియోలో చూశాం, వాళ్లది రెండు మోటార్లది, మాకు ఒకటే మిగిలింది కాబట్టి ఇలా మార్చాం” అన్న జవాబు మార్కులు తెస్తుందే గానీ తీసేయదు. దాచినప్పుడే ప్రమాదం. నోట్‌బుక్‌ను యంత్రం చేత రాయించుకుని తెస్తే మాత్రం మొదటి పేజీ నుంచే వాసన వస్తుంది. పన్నెండేళ్ల పిల్లలు అలా రాయరు.

‘తెలియదు’ అనడం ఎలా? మన చదువుల్లో ఆ మాటకు సున్నా. అందుకే పిల్లలు ఏదో ఒకటి అల్లేస్తారు. జడ్జీల గదిలో అల్లిన జవాబు రెండో ప్రశ్నకే విడిపోతుంది. నాకు తెలిసిన మేలైన పద్ధతి మూడు ముక్కల జవాబు. “అది మేం కొలవలేదు సార్. బ్యాటరీ తగ్గినప్పుడే అలా జరుగుతోందని అనుకుంటున్నాం. నిండా ఛార్జ్ చేసి ఒకసారి, సగంలో ఒకసారి నడిపి చూస్తే తేలుతుంది.” తెలియదని ఒప్పుకోవడం, ఊహ చెప్పడం, ఎలా తేల్చుకోవాలో చెప్పడం. చాలా సరైన జవాబుల కన్నా ఇది ఎక్కువ చెబుతుంది.

మాట్లాడే పిల్లవాడు ఒక్కడే అయితే ఎంత బాగా మాట్లాడినా జట్టుకు నష్టం. ఒకరు జవాబు చెబుతుంటే మిగతా వాళ్లు ఏం చేస్తున్నారో జడ్జీలు చూస్తూనే ఉంటారు. చెబుతున్న వాళ్ల వైపు తిరిగి వింటున్నారా, అటాచ్‌మెంట్ తీసి చేతికి అందిస్తున్నారా, తడబడితే ఆదుకుంటున్నారా, లేక మాట లాగేసుకుంటున్నారా? మాక్ జడ్జింగ్‌లో ఒకసారి వాగుడుకాయను మౌనంగా కూర్చోబెట్టి మిగతా వాళ్ల చేత చెప్పించండి. ఎవరికి ఏం తెలియదో బయటపడుతుంది. కోడ్ రాసే పిల్ల అటాచ్‌మెంట్ గురించి, కట్టేవాడు కోడ్ గురించి రెండు మాటలు చెప్పగలిగితే చాలు, లోతు అక్కర్లేదు. గొడవల గురించి అడిగినప్పుడు “మా జట్టులో గొడవలే లేవు” అన్న జవాబును ఎవరూ నమ్మరు. పిల్లలున్న ఇల్లు ఎవరికి తెలియదు!

భాష గురించి మన వాళ్లకు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ భయం. బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 1993 నుంచి ప్రభుత్వ బడుల పిల్లలు స్థానిక సమస్యల మీద పరిశీలనలు చేసి, జిల్లా స్థాయిలో తెలుగులోనే నిలబడి జవాబులు చెబుతున్నారు. అడిగించుకోవడం మనకు కొత్త కాదు. అటల్ ఇన్నొవేషన్ మిషన్ దేశంలో పదివేల బడులకు టింకరింగ్ ల్యాబులు ఇచ్చాక రోబో కట్టే పిల్లల్లో తెలుగు మీడియం నుంచి వచ్చిన వాళ్లూ చేరారు. వాళ్లను ఇంగ్లిష్‌లో బట్టీ పట్టించి పంపితే ఉన్న తెలివి కూడా నోట్లోనే ఇరుక్కుంటుంది. సాధన తెలుగులో చేయించండి. ఆలోచన తెలుగులో నిలబడ్డాక వ్యాకరణం తప్పినా ఇంగ్లిష్‌లో చెప్పగలరు. గేర్, మోటార్, సెన్సర్ ఎలాగూ మన మాటలే అయిపోయాయి. తెలుగులో చెప్పొచ్చా, పక్కన అనువదించే వాళ్లు ఉండొచ్చా అని నిర్వాహకులను ముందే అడగండి. రోబోను చేతిలోకి తీసుకుని చూపిస్తూ చెప్పడం నేర్పితే భాష భారం సగం దిగుతుంది.

జడ్జింగ్ మీద ఉన్న విమర్శలను కూడా తీసిపారేయలేం. బల్ల మీద పాయింట్లు కళ్లెదుటే లెక్కతేలుతాయి, గది లోపలి మార్కులు మనుషులు వేస్తారు. రెండు గదుల్లో ఇద్దరు జడ్జీలు మార్కులు వేసే తీరు ఒకలా ఉండదు. పట్నపు పిల్లల తొణకని మాట పల్లె పిల్లల తడబాటును మింగేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. రూబ్రిక్, జడ్జీల శిక్షణ, తర్వాత అందరూ కూర్చుని సరిపోల్చుకోవడం ఈ తేడాను తగ్గిస్తాయి గానీ తుడిచేయవు. జడ్జీలు కూడా రోజంతా కూర్చుని అలసిపోయే వాలంటీర్లే. ఈ కారణం చూపి కొందరు కోచ్‌లు గదిని లాటరీగా లెక్కేసి బల్ల మీదే ఆశ పెట్టుకుంటారు. ఆ వాదనలో పస తక్కువ. బల్ల మీద కూడా పాయింట్లు అదృష్టంతో ఊగుతాయి, అందుకే మూడుసార్లు ఆడించి మంచి స్కోరు తీసుకుంటారు. గదిలో ఆ వెసులుబాటు లేదు కాబట్టే అక్కడ తయారీ మరింత కావాలి.

మొత్తం మీద తూచి చెప్పాలంటే ప్రశ్నల జాబితా ఉంచుకోండి, రాసిన జవాబులు చించేయండి. రూబ్రిక్ నెలకోసారి తీయండి. డబ్బు ఖర్చు పెట్టాలనిపిస్తే కొత్త సెన్సర్ కన్నా ముందు ఆ నలభై రూపాయల నోటుపుస్తకం కొనండి.

ఇంజినీర్లకు కొదవలేని రాష్ట్రాలు మనవి. అయినా బడిపిల్లల జట్టుకు మాక్ జడ్జీగా కూర్చోమంటే మనిషి దొరకడం కష్టంగా ఉంది. మీరు ఇంజినీరే కానక్కర్లేదు. మీ దగ్గరి బడిలో రోబో జట్టు ఉందేమో కనుక్కోండి. సీజన్ మధ్యలో ఒక శనివారం సాయంత్రం వెళ్లండి, “ఇది ఎందుకు ఇలా పెట్టారు?” అని అడిగి జవాబు వినండి, ఆ జవాబు మీద ఇంకో ప్రశ్న అడగండి. వాళ్లు ఆలోచించుకునేదాకా మాత్రం దయచేసి నోరు విప్పకండి.